చారిత్రక భవనం కొంటే కిటికీ కూడా మార్చుకోకూడదా?

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితులం అమెరికాలో ఐటీ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇండియానాలో ఓహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊరి డౌన్‌టౌన్‌లో, వందేళ్లు దాటిన రెండంతస్తుల ఇటుక భవనం కొనడానికి అగ్రిమెంట్ రాసుకున్నాం. కింద రెస్టారెంట్‌కి, పైన కాపురాలకి అద్దెకివ్వాలని ఆలోచన. అది నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో ఉందట, మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలని ఒకరు భయపెట్టారు. అమ్మేవాళ్లేమో రిపేర్ల ఖర్చులో 20 శాతం గవర్నమెంటే వెనక్కిస్తుందంటున్నారు. చెక్క కిటికీలన్నీ పీకేసి వినైల్‌వి (ప్లాస్టిక్‌వి) పెడతానని కాంట్రాక్టర్ తొందరపెడుతున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముందు కాంట్రాక్టర్‌ని ఆపండి. మిగతావన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు, పీకేసిన కిటికీలు మాత్రం తిరిగి రావు.

భయపెట్టినవారు రెండు జాబితాలను కలిపేశారు. నేషనల్ రిజిస్టర్ 1966 నాటి ఫెడరల్ చట్టం కింద నడుస్తుంది. అందులో పేరున్నంత మాత్రాన ప్రైవేటు యజమాని చేతులు కట్టేసినట్టు కాదు. ఫెడరల్ నిధులుగానీ, పర్మిట్‌గానీ కలవనంతవరకు మీ డబ్బుతో మీరు చేసే మార్పులను అది ఆపదు. ఆపగలిగేది సిటీ ఆర్డినెన్సు. ఊరు సొంతంగా హిస్టారిక్ డిస్ట్రిక్ట్ (జిల్లా కాదు, కాపాడాల్సిన పాత కట్టడాల ప్రాంతం) ప్రకటించి కమిషన్ వేసి ఉంటే, బయటికి కనిపించే మార్పులకు సాధారణంగా ఆ కమిషన్ సర్టిఫికెట్ కావాలి. 1931లో చార్ల్‌స్టన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆస్తి హక్కు పోయిందని కోర్టుకెక్కినా గెలవడం కష్టం. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టనివ్వలేదని వేసిన పెన్ సెంట్రల్ కేసులో సుప్రీంకోర్టు 1978లో నగరం వైపే తీర్పిచ్చింది. కాబట్టి మీ అడ్రస్ లోకల్ డిస్ట్రిక్ట్‌లో ఉందో లేదో సిటీ ప్లానింగ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాట పనికిరాదు.

ఇక 20 శాతం. అది చేతికొచ్చే చెక్కు కాదు, మీరు కట్టాల్సిన ఇన్‌కమ్ టాక్స్‌లో తగ్గింపు, అంటే టాక్స్ క్రెడిట్. అదీ ఐదేళ్లకు సమానంగా పంచి ఇస్తారు. మీది అద్దె భవనం కాబట్టి ఆ మేరకు అర్హత ఉంది, సొంత కాపురానికైతే ఉండదు. ఖర్చుకు మాత్రం పెద్ద గీతే గీశారు. ఉదాహరణకు రెండున్నర లక్షల డాలర్లకు కొన్నారు, అందులో స్థలం విలువ 50 వేలు అనుకుందాం. మిగిలిన 2 లక్షలకు మించి, మామూలుగా 24 నెలల్లోపు, బాగుచేతకే ఖర్చు చేయాలి. కొన్న ధర, కొత్తగా కలిపే గదులు, పార్కింగ్ లెక్కలోకి రావు.

కిటికీల గొడవ ఇక్కడే. చేయబోయే పనులు రాసి, ఫోటోలతో రాష్ట్ర హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసు ద్వారా ఫెడరల్ సంస్థ అయిన నేషనల్ పార్క్ సర్వీస్‌కి పంపాలి, ఈ క్రెడిట్‌కు వాళ్ల ఆమోదం కావాలి. వాళ్లు పనిని మొత్తంగా చూస్తారు. బాగుచేయదగ్గ చెక్క కిటికీలు తీసి వినైల్‌వి పెడితే, మిగతాదంతా ఎంత బాగా చేసినా మొత్తం క్రెడిట్టే పోవచ్చు. ఆమోదం రాకముందే పని మొదలుపెడితే ఆ రిస్కు మీదే. ఇటుకల మీద ఇసుక కొట్టించి శుభ్రం చేయిస్తానన్నా వద్దనండి. పాత ఇటుక మెత్తగా ఉంటుంది, పై పొర పోతే నీళ్లు పీల్చి పొడిపొడిగా రాలుతుంది. చట్టం సంగతి అటుంచినా, అలా పాడైన గోడలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మీలాంటి ఉద్యోగస్తులు తప్పక చూసుకోవాల్సింది ఇంకోటుంది. అద్దె ఆదాయాన్ని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పాసివ్ ఆదాయంగా, అంటే జీతంలా పనిచేసి సంపాదించనిదిగా చూస్తుంది. అందుకని జీతం మీద పన్నుకు ఈ క్రెడిట్‌ను పూర్తిగా వాడుకోనివ్వదు. 24 శాతం శ్లాబులో ఉన్నవారికి ఏడాదికి సుమారు 6 వేల డాలర్ల వరకే వెసులుబాటు. సర్దుబాటు చేసిన ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే అదీ తగ్గుతూ, రెండున్నర లక్షల దగ్గర సున్నా అవుతుంది. వాడుకోనిది రాబోయే సంవత్సరాలకు వెళ్తుంది, పోదు. అయినా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఆ గీత దాటడం తేలిక. భవనం కోసం ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పెట్టకముందే సీపీఏతో (పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్‌తో) కూర్చోండి. పని పూర్తయి వాడకంలోకి వచ్చాక ఐదేళ్లలోపు అమ్మితే తీసుకున్నదాంట్లో కొంత తిరిగి కట్టాలి, మొదటి ఏడాదే అమ్మితే మొత్తం.

నది పక్కన కాబట్టి వరద మ్యాపు కూడా చూడండి. వరద జోన్‌లో ఉన్న భవనానికి దాని మార్కెట్ విలువలో సగం, అంతకు మించి ఖర్చుపెట్టి బాగుచేస్తే, మామూలుగా దాన్ని వరద మట్టానికి పైకి తేవడమో, నీళ్లు చొరబడకుండా చేయడమో తప్పదు. చారిత్రక భవనాలకు ఫెడరల్ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది, కాకపోతే మీ మార్పుల వల్ల ఆ హోదా పోకూడదు. అంటే కిటికీల మీద ఆశపడి హోదా పోగొట్టుకుంటే ఆ మినహాయింపూ పోతుంది. సిటీ నిబంధన ఇంకా కఠినంగా ఉండొచ్చు కాబట్టి, ఫ్లడ్‌ప్లెయిన్ అధికారి దగ్గర కూడా రాయించుకోండి. ఫ్లడ్ ఇన్సూరెన్స్ కొటేషన్ రాకుండా ధర ఖాయం చేయొద్దు.

అగ్రిమెంట్‌లో గడువు మిగిలి ఉంటే, సిటీ నుంచి ఆ లెటర్లు వచ్చేదాకా పొడిగించమని అడగండి. భవనానికి విడిగా పేరు లేక, రిజిస్టర్డ్ డిస్ట్రిక్ట్‌లో భాగంగానే లెక్కకు వస్తున్నట్టయితే, ఈ భవనం నిజంగా చారిత్రకమేనని పార్క్ సర్వీస్ సర్టిఫై చేయాలన్న షరతూ పెట్టండి. పాత యజమాని ఎవరైనా ప్రిజర్వేషన్ ఈజ్‌మెంట్ (భవనం రూపు మార్చబోమని ఒక సంస్థకు ఇచ్చే హక్కు పత్రం) రాసిచ్చారేమో టైటిల్ రిపోర్టులో వెతికించండి. శాశ్వతంగా రాసిచ్చి ఉంటే అది భవనంతోపాటే మీకూ వస్తుంది, సిటీ సరేనన్నా ఆ ఈజ్‌మెంట్ ఉన్న సంస్థ ఒప్పుకోవాల్సిందే.