ఇంట్లో కూడా క్లాసేనా, మాస్టారూ?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. యూనివర్సిటీలో మతాల అధ్యయనం బోధిస్తాను. క్లాసులో నా నమ్మకం ఏమిటో ఎప్పుడూ బయటపెట్టను. మా ఆవిడకు భక్తి ఎక్కువ. ఆవిడ ఏ ఆచారం గురించి మాట్లాడినా, అది ఎప్పుడు ఎలా పుట్టిందో చెప్పడం నాకు అలవాటైపోయింది. ఈ మధ్య మా 17 ఏళ్ల అబ్బాయి ప్రార్థనకు రావడం మానేశాడు. ‘నాన్నకే నమ్మకం లేదు, నాకెందుకు?’ అంటున్నాడు. తప్పంతా నా చదువుదేనంటుంది ఆవిడ. నిజానికి నాకు నమ్మకం లేకపోలేదు. ఆవిడలా నిశ్చింతగా కళ్లు మూసుకోగలిగితే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి చివరి మాటలే. ముక్కూమొహం తెలియని నాకు రాయగలిగారు, ఇన్నేళ్లుగా పక్కనే ఉన్న మనిషికి చెప్పలేకపోయారు.

క్లాసులో మీ మౌనాన్ని నేను తప్పుపట్టను. 1967లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ యూనివర్సిటీలో మతాల అధ్యయన విభాగాన్ని మొదలుపెట్టిన నినియన్ స్మార్ట్ చెప్పింది కూడా ఇలాంటిదే. దేవుడున్నాడా లేడా అన్న తీర్పు పక్కన పెట్టి, నమ్మేవాళ్ల కళ్లతో వాళ్ల లోకాన్ని చూడమన్నాడు. మీ ఎదురుగా రకరకాల ఇళ్ల పిల్లలు కూర్చుంటారు, మార్కులు వేసేది మీరు. మీరు ఎటువైపో వాళ్లకు తెలియకపోవడమే మంచిది. కానీ ఇంట్లో ఆ మౌనం వేరేగా వినిపిస్తుంది. విద్యార్థికి అది నిష్పక్షపాతం. మీ అబ్బాయికి మాత్రం అది ‘లేదు’ అనే జవాబు.

ఇక మీ ఆవిడ సంగతి. ఆవిడ కోపం మీ చదువు మీద అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. తనకు ప్రాణమైన విషయం చెప్పబోతే చరిత్ర పాఠం మొదలయ్యే ఇంట్లో ఎవరికైనా మనసు విరుగుతుంది. మీరు చెప్పిన చరిత్ర అక్షరాలా నిజమే కావచ్చు. కానీ ఆవిడ అడిగింది అది కాదుగా.

మీకు తెలిసిన కథే, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. 1985లో స్టాక్‌హోమ్ దగ్గర అమెరికాలో పుట్టిన మోర్మన్ అనే మతశాఖ వాళ్ల ఆలయం కట్టడాన్ని కొందరు వ్యతిరేకించినప్పుడు, అక్కడి బిషప్, బైబిల్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ మూడు మాటలు చెప్పాడు. ఒక మతం గురించి తెలుసుకోవాలంటే దాన్ని పాటించేవాళ్లనే అడగండి, దాని శత్రువులను కాదు. మీలోని మంచిని వాళ్లలోని చెడుతో పోల్చకండి. వాళ్ల దగ్గరున్న ఏదో ఒకదాన్ని చూసి ‘పవిత్రమైన అసూయ’ పడేందుకు మనసులో కాస్త చోటుంచండి. మీరు ఈ మూడో మాట ఎప్పుడో పాటించారు, ఆవిడ నిశ్చింత చూసి అసూయపడుతున్నారు. మొదటిదే మిగిలిపోయింది. కళ్లు మూసుకున్నప్పుడు నీకు ఏమనిపిస్తుంది అని ఆవిడను ఒక్కసారైనా అడిగారా? అడిగితే మధ్యలో అందుకోకుండా, ఇలాంటిదే ఫలానా చోట కూడా ఉందని చెప్పకుండా వినండి. ప్రొఫెసర్లకు ఇది కష్టమని నాకు తెలుసు.

అబ్బాయిని ప్రార్థనకు రప్పించే పని మాత్రం నెత్తిన వేసుకోకండి. వాడి మాట సగం నిజం, సగం సాకు అయ్యుండొచ్చు. ఆ వయసులో సొంతంగా అనుమానం వస్తే, దాన్ని నాన్న పేరు చెప్పి చెలామణి చేయడం తేలిక. వాడికి మీరు బాకీ ఉన్నది ఒక్కటే, మీ గురించి నిజం. ‘నాకు నమ్మకం ఉందిరా, కానీ అమ్మలా కాదు. కొన్నాళ్లు గట్టిగా ఉంటుంది, కొన్నాళ్లు దొరకదు’ అంటే చాలు. ‘మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అని నిలదీస్తే, చెప్పడం రాలేదని ఒప్పుకోండి. ఆ తర్వాత కూడా వాడు రానంటే వదిలేయండి, మొహం మాడ్చుకోకండి.

అయితే ముందు మీ ఆవిడతో మాట్లాడండి, తర్వాతే అబ్బాయితో. నాకు రాసిన ఆ చివరి మాటలు ఆవిడ కొడుకు నోట వినకూడదు.