అకీరా: సినిమా చూసేశాక పుస్తకాలు దేనికి?

మీరు అడిగినవి రెండు. సినిమా చూసేశాక అకీరా అనే జపాన్ బొమ్మల కథ ఆరు సంపుటాలూ కొనడం దండగ కాదా అన్నది ఒకటి, బొమ్మలు వేసే మీ పదో తరగతి అబ్బాయికి ఇవ్వొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానికి నా జవాబు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నేను విశాఖలో ఒక చిన్న ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పొద్దస్తమానం ప్లాన్లు, ఎలివేషన్లు గీయడమే పని. 2014 వేసవి సెలవులకు వచ్చిన మా బావమరిది అకీరా మొదటి నాలుగు సంపుటాలు మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. మూడింటిని వారంలో లాగించేశాను. తప్పు అక్కడే జరిగింది. మనం చందమామ చదివి పెరిగినవాళ్ళం కదా. శంకర్ గారి బేతాళుడి బొమ్మ ఎంత గొప్పదైనా కథ ఉండేది అక్షరాల్లోనే. బొమ్మను ఒకసారి కళ్ళారా చూసుకుని చదువులో పడిపోతాం. ఇక్కడా అదే చేశాను, బెలూన్లో మాటలు చదవడం, పేజీ తిప్పడం. దీన్ని రాసి గీసిన కట్సుహిరో ఒటోమో పాత్రలు మాట్లాడేదే తక్కువ. ఆ మాట్లాడేదాంట్లో కూడా సగం ‘కనేడా!’ ‘టెట్సువో!’ అని కథలోని ఇద్దరు స్నేహితులు ఒకణ్ణొకడు కేకలేసుకోవడమే. దాంతో నాకు గుర్తున్నవి బైకులూ పేలుళ్ళూ మాత్రమే. ఫర్లేదులే అనుకుని నాలుగోది అటకెక్కించాను.

అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. మధ్యాహ్నం దాకా గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. మర్నాడు బయటికొస్తే మా వీధి నాకే కొత్తగా ఉంది. ఇళ్ళు ఉన్నాయి, చెట్లు లేవు. ఇన్నేళ్ళూ మలుపులు గుర్తుపట్టింది చెట్లను బట్టే అని ఆరోజే తెలిసింది. కొండలైతే మంట తగిలినట్టు కమిలిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్‌కి లైను, నీళ్ళ ట్యాంకర్‌కి లైను, పెట్రోలుకి లైను. ఆ ఐదు రోజుల్లో వేరే పని లేక, బాల్కనీలో పగటి వెలుగు ఉన్నంతసేపూ కూర్చుని నాలుగో సంపుటం తీశాను.

మీరు చూసిన సినిమాలో దాదాపు లేనిది ఈ భాగమే. సినిమా తీసిందీ ఒటోమోనే, 1988లో. కానీ పుస్తకం అప్పటికి పూర్తి కాలేదు. 1982 డిసెంబరులో జపాన్ పత్రిక యంగ్ మ్యాగజైన్‌లో మొదలైన సీరియల్ 1990 దాకా నడిచింది, మొత్తం రెండు వేల పేజీల పైమాటే. జపనీస్ మూలంలో కథ కూడా అదే 1982 డిసెంబరులో టోక్యో ధ్వంసం కావడంతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి 2019కి దూకుతుంది, సముద్రాన్ని పూడ్చి కట్టిన కొత్త టోక్యోకి. మూడో సంపుటం చివర ఆ కొత్త నగరమూ పోతుంది. (చెప్పేశానని తిట్టుకోకండి, ఈ పుస్తకం రుచి ఏం జరిగిందన్నదాంట్లో లేదు.) అక్కడ పేజీల తరబడి మాట వినపడదు, మేడలు విరుగుతుంటాయి, అంతే. సినిమా అయితే అలాంటి చోట ముగిసిపోతుంది. పుస్తకం అక్కడ సగానికొచ్చింది, అంతే.

ఇక తర్వాతి భాగమంతా బతికి బయటపడ్డవాళ్ళది. టెట్సువో శిథిలాల్లో సామ్రాజ్యం పెట్టుకుంటాడు. మియాకో అనే ముసలావిడ ఆలయంలో తిండీ మందులూ ఇస్తుంటే జనం అక్కడికి చేరతారు. నగరం బయట అమెరికన్ ఓడలు కాచుకుని ఉంటాయి. తిండి కోసం గుమిగూడిన ఆ జనం బొమ్మల దగ్గర ఎంతసేపు ఆగిపోయానో చెప్పలేను. అదే పొద్దున నేనూ బిందె పట్టుకుని నిలబడి వచ్చాను మరి.

వృత్తిరీత్యా ఇంకోటి కనిపించింది. కూలిన కట్టడాన్ని గీయమంటే చాలామంది రాళ్ళ కుప్ప గీస్తారు. ఒటోమో గీసినదాంట్లో స్లాబు ఎటు ఒరిగిందో, ఏ స్తంభం ముందు పోయిందో ఊహించుకోవచ్చు. చువ్వలు వేలాడుతుంటాయి, కిటికీల వరుస వంకరపోయినా లెక్క తప్పదు. నిలబడి ఉన్నప్పుడు ఆ మేడను మొదటి సంపుటంలో అంత ఓపిగ్గా, ఒక్కో కిటికీ గీశాడు కాబట్టే పడిపోయినప్పుడు గుండె కలుక్కుమంటుంది. వెనక్కి వెళ్ళి మొదటి మూడూ మళ్ళీ చదివాను, ఈసారి నెలరోజులు పట్టింది. మనుషుల మొహాలు కూడా అప్పుడే చూశాను. పెద్దపెద్ద కళ్ళ బొమ్మలు కావు, మామూలు జపాన్ మొహాలు, మొటిమలు ఉంటాయేమో అనిపించే కుర్రమొహాలు.

అన్నీ మెచ్చుకోలే అనుకోవద్దు. ఐదో సంపుటంలో సాగదీత ఉంది. కవోరి అనే అమ్మాయిని పాపం సరిగ్గా పట్టించుకోలేదు. టెట్సువో ఏడుపు ఒక దశ దాటాక విసుగు పుట్టిస్తుంది.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మామూలుగా దొరికే ఇంగ్లీషు సంపుటాల్లో బొమ్మల్ని అద్దంలో చూసినట్టు తిరగేసి, ఎడమనుంచి కుడికి చదివేలా వేశారు. 2017లో 35 ఏళ్ళ సందర్భంగా వచ్చిన పెట్టె సెట్‌లో జపాన్‌లోలాగా కుడినుంచి ఎడమకే ఉంటుంది. బొమ్మలు నేర్చుకునేవాడికైతే అదే తీసుకోండి, ఖరీదు ఎక్కువైనా. స్టీవ్ ఒలిఫ్ రంగులు వేసిన పాత అమెరికన్ ముద్రణ కూడా ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ గీత నేర్చుకోవాలంటే నలుపు తెలుపే మేలు.

అబ్బాయి సంగతి. రక్తపాతం బాగా ఉంది, కుర్రాళ్ళు మత్తు బిళ్ళలు మింగుతారు, ఆడపిల్లల మీద దౌర్జన్యమూ ఉంది. మొదటి సంపుటం ముందు మీరు చదవండి, తర్వాత మీ ఇష్టం. నేనైతే పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆగుతాను, అది పుస్తకం గురించి కాదు, మార్కుల గురించి. ఈలోగా వాడి చేత నగరం బొమ్మ ఒక్కటి, ఒకే ఒక్క గడి, పెన్సిలుతో కాపీ చేయించండి. నేనూ ప్రయత్నించాను. మూడు సాయంత్రాలు కూర్చుని ఎడమవైపు మేడలో పదకొండో అంతస్తు కిటికీల దాకా వచ్చాను.