కొత్త డిఫెండర్‌తో గ్రూప్‌లో ఉండాలా?

కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ కొన్నాక గ్రూప్‌లో పాత డిఫెండర్ల వాళ్లు "ఇది అసలు ఆఫ్‌రోడ్ (రోడ్డు లేని చోట నడిచే) బండే కాదు" అంటున్నారని, గ్రూప్ వదిలేయాలా అని అడిగారు. వదలకండి.

సత్తా గురించి వాదన అనవసరం. 2016లో తయారీ ఆగిపోయిన పాత డిఫెండర్ 500 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదు, ఎయిర్ సస్పెన్షన్ (బండి ఎత్తు పెంచే గాలి స్ప్రింగులు) ఉంటే మీది 900 దాకా. వాళ్ల అసలు బెంగ వేరే అండీ: దారి మధ్యలో సెన్సర్ పోతే ఏం చేస్తారని. న్యాయమైన ప్రశ్నే! పాత బండిని చాలావరకు స్పానర్లతో అక్కడే బాగుచేసుకోవచ్చు. అందుకే మీరు కోడ్ రీడర్ (బండిలో లోపమేంటో చూపే పరికరం), పంక్చర్ కిట్, ఇరుక్కున్న బండిని లాగే రికవరీ స్ట్రాప్ దగ్గర పెట్టుకోండి. ఈసారి ఎవరైనా బానెట్ ఎత్తితే పక్కనే నిలబడి టార్చ్ పట్టండి, ఏం విప్పుతున్నారో అడగండి. చాలామంది సంతోషంగా చెప్తారు. ఒకరిద్దరు అప్పటికీ మారరు, వాళ్లని పట్టించుకోకండి.