మే నెల రాత్రుళ్లు క్రేటులో (కుక్కను ఉంచే బోనులో) పడుకునే కుక్కపిల్లకు ఉక్కపోయకుండా ఏం చేయాలి?

కుక్కలు అరికాళ్ల మెత్తల్లో పట్టే కొద్దిపాటి చెమట తప్ప, ఒంటి వేడిని ప్రధానంగా నాలుక చాపి వగర్చడం ద్వారానే వదిలించుకుంటాయి. అందువల్ల ఫ్యాను గాలి మనకిచ్చినంత హాయి వాటికివ్వదు; విజయవాడ, కాకినాడ వంటి తేమ ఎక్కువైన ఊళ్లలో వగర్పు కూడా అంతగా పనిచేయదు.

ముందు చూడవలసింది క్రేటు ఉన్న చోటు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది కనుక, పై అంతస్తులో ఉండేవారు పడమటి గోడకు దూరంగా, గాలి ఆడే చోట, నాపరాళ్ల నేలపై తీగల క్రేటును ఉంచడం మంచిది. పైన కప్పిన దుప్పటినీ, లోపలి దళసరి పరుపునూ తీసివేసి, సగభాగంలో మాత్రమే పలుచని నూలుగుడ్డ పరవాలి. చాలా కుక్కపిల్లలు దాన్ని కూడా మూలకు నెట్టేసి, క్రేటు అడుగున ఉండే చల్లబడిన ట్రేకు పొట్ట ఆనించి, వెనుక కాళ్లు బారజాపి పడుకుంటాయి.

నీళ్ల గిన్నెను ఒలికిపోకుండా తలుపుకు తగిలించాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాను బయటి నుంచి తీగలకు ఆనించాలే తప్ప లోపల పెట్టకూడదు, పళ్లు వచ్చే వయసులో ప్లాస్టిక్‌ను కొరికి మింగేస్తాయి. కిటికీలు మూసిన గదిలో కూలర్ వేస్తే తేమ పెరిగి మేలు కంటే కీడే ఎక్కువ.

వగర్పు ఎంతకీ ఆగకపోయినా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, తూలుతున్నా, అది వడదెబ్బ కావచ్చు. మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా ఉంచుతూ, తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుడి వద్దకు తీసుకువెళ్లాలి. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులనైతే, ఏసీ లేని గదిలో ఆ నెలలో క్రేటులో పెట్టకపోవడమే నయం.