కిందికి దించిన పికప్‌కి ఏ టైరు, ఏ రంగు రిమ్ము?

విజయనగరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రిమ్ముల ఫొటోలన్నీ చూశాను. నలుపు వేయించనా, వెండి రంగు వేయించనా అని అడిగావు. రంగు సంగతి చివర్లో చెబుతాను. ముందు టైరు తేల్చుకోరా.

కమాన్ పట్టీల దగ్గర దిమ్మలు పెట్టించి బండిని రెండంగుళాలు దించావు. దాంతో దిగింది బాడీయే, ఇరుసు కాదు. ఇంకా కిందికి కనబడాలని చిన్న టైరు వేశావనుకో, ఇరుసు కూడా నేలకి దగ్గరవుతుంది. ఊళ్ల లోపలి రోడ్లలో రాయి తగిలేది దానికే. అందుకని టైరు మొత్తం ఎత్తు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి.

నీ టైరు సైజు 215/75 ఆర్15. వెడల్పు 215 మిల్లీమీటర్లు, అందులో 75 శాతం సైడ్‌వాల్, అదే రిమ్ముకీ నేలకీ మధ్య రబ్బరు ఎత్తు, అంటే 161. పైనా కిందా కలిపి 322, పదిహేను అంగుళాల రిమ్ము 381, మొత్తం 703. అదే 215/70 ఆర్16 అయితే 707 వస్తుంది. ఈ నాలుగు మిల్లీమీటర్లకి స్పీడోమీటరులో తేడా కూడా తెలియదు. నా ఓటు దీనికే. 225/60 ఆర్17 కూడా లెక్కకి సరిపోతుంది, 702. చూడ్డానికి ఇంకా బాగుంటుంది, కాదనను. కానీ సైడ్‌వాల్ 135కి తగ్గిపోతుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్ముని కాచేది ఆ రబ్బరే.

సాలూరు లారీల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, అయినా కుర్రతనంలో నా వ్యానుకి సైడ్‌వాల్ తక్కువున్న టైర్లు వేయించాను. రామభద్రపురం దగ్గర వానలో, చీకట్లో, నీళ్లు నిండిన గుంత కనబడలేదు. దిగి టార్చి వేసి చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. లోపల దారాలు తెగితే అలా ఉబ్బుతుంది, దానికి పంచర్ వేయడం కుదరదు. రిమ్ము అంచు కూడా లోపలికి వంగిపోయింది. వెనక సీట్లో మీ అమ్మ, ఆవిడ ఒళ్లో నువ్వు. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు మోసే బండి నీది. సైజు పక్కన ఉండే అంకె చూడు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది, 98 అయితే 750. పాత టైరు మీదున్న అంకె కన్నా తక్కువది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

నాలుగూ కొనేముందు ముందొకటి, వెనకొకటి బిగించి చూడనివ్వమను. మడ్‌గార్డ్ లోపలి అంచుకి సుద్ద పుయ్యి. బియ్యం బస్తాలు ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దింపు. సుద్ద చెరిగితే టైరు రాసుకుంటున్నట్టే. ఖాళీ బండి మీద చూసి బాగుందనుకుంటే లోడు పడ్డాక రబ్బరు కాలిన వాసన వస్తుంది. రిమ్ము బయటికి పొడుచుకొచ్చే రకమైతే ఈ గొడవ ఇంకా ఎక్కువ.

ఇక రంగు. తెల్ల బండికి నిగనిగలాడే నలుపు షాపులో చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ నల్ల టైరు, నల్ల రిమ్ము, మడ్‌గార్డ్ నీడ అన్నీ కలిసిపోయి చక్రం చిన్నగా కనిపిస్తుంది. పైగా మన ఎర్రమట్టి దుమ్ము నలుపు మీద పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తయారు. క్రోమ్ వద్దే వద్దు, సముద్రం గాలికి పొక్కులు లేస్తుంది. మెరుపు లేని ముదురు బూడిద రంగు, అదే గన్‌మెటల్, తీసుకో. దుమ్ము పడ్డా అసహ్యంగా ఉండదు, రిమ్ము పుల్లల (స్పోకుల) ఆకారం ఎండలో కనిపిస్తుంది. అంచుకి సన్నటి వెండి గీత ఉంటే పదహారు కూడా పదిహేడులా అనిపిస్తుంది.

ఇంకొకటి. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. దించిన సంగతి, కొత్త సైజు సంగతి రవాణా ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా ముందే అడుగు.

అడ్వాన్సు ఇవ్వకు. ఆదివారం లోడు దింపేశాక బండి ఇటు పట్టుకురా, ఇరుసు కింద ఎంత ఖాళీ ఉందో ఇద్దరం కలిసి కొలుద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య