అడ్డపొగ తాగే ఇంట్లో చంటిపిల్ల: కిటికీ తీస్తే చాలా?

మీ అత్తగారు అడ్డపొగ (చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) తాగుతారనీ, నిప్పు నోట్లోనే ఉంటుంది కాబట్టి ఐదు నెలల పాపకి ఏమీ కాదంటున్నారనీ రాశారు. కిటికీ తీసి ఉంచితే చాలా అని అడిగారు. చాలదండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా మామ్మకి పెళ్లి కాకముందు నుంచే అడ్డపొగ అలవాటు. మా బాబు పుట్టిన ఏడాది వానాకాలమంతా తలుపులు మూసుకుని ఒకే గదిలో ఉండేవాళ్లం. వాడిని ఒళ్లో వేసుకుని, పక్కన కొబ్బరి చిప్ప పెట్టుకుని, అందులో నుసి ఊస్తూ చుట్ట తాగేది. వాడికి జలుబు తగ్గేది కాదు, రాత్రయితే పిల్లికూతలు. ఎనిమిదో నెలలో ఒకరోజు ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. శ్రీకాకుళం పరిగెత్తాం, నెబులైజర్ పెట్టారు. డాక్టరుగారు వాడి ఊలు టోపీ తీసి వాసన చూసి, "ఇంట్లో చుట్ట ఎవరు తాగుతారమ్మా?" అన్నారు. ఆ పొద్దున్నే ఉతికిన టోపీ అది. నాకు నోట మాట రాలేదు.

నిప్పు లోపలున్నా పొగ మాత్రం నోట్లోంచీ ముక్కులోంచీ బయటికే కదా వస్తుంది. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. పసిపిల్లలు మనకంటే గబగబా ఊపిరి తీస్తారు. ఆ పొగ పీల్చే పిల్లలకి న్యుమోనియా, ఆయాసం, చెవిలో చీము, చివరికి నిద్రలోనే ప్రాణం పోయే ముప్పు కూడా పెరుగుతుంది. మీకూ మంచిది కాదు: చుట్ట ముట్టని పెద్దవాళ్లకి కూడా ఇంట్లో పొగ వల్ల గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువ. కిటికీ, ఫ్యాను పొగని పలచన చేస్తాయంతే. దుప్పటికీ చీరకొంగుకీ పట్టింది ఎక్కడికీ పోదు.

నేను మొదట కోప్పడి చెడగొట్టుకున్నాను. "ఏటయిపోద్దే? మీ నాన్నని ఈ పొగలోనే పెంచాను" అని మామ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాతసారి ఆవిడనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్టెతస్కోపు మామ్మ చెవులకి పెట్టి, బాబు గుండెల్లో కూత వినిపించారు. ఆవిడ చాలాసేపు అలాగే వింటూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి చుట్ట పెరట్లోనే. వాన పడితే పశువుల పాకలోకి పోతుంది. లోపలికొచ్చాక నోరు పుక్కిలించి, చీర మార్చుకుని గానీ వాడిని ఎత్తుకోదు. కారణం అదొక్కటే అనను గానీ, తర్వాతి రెండు చలికాలాలూ మాకు నెబులైజర్ అవసరం పడలేదు.

కోడలిగా మీరు నేరుగా చెబితే మాట పట్టింపు వస్తుంది. డాక్టరుగారితోనో, మీవారితోనో చెప్పించండి. ఈలోగా పాప పడుకునే గదిలో మాత్రం చుట్ట వెలిగించనివ్వకండి.

మీ అత్తగారి అంగిలి కూడా ఒకసారి పళ్ల డాక్టరుకి చూపించండి. అడ్డపొగ తాగేవాళ్లకి అక్కడ నొప్పి లేకుండానే తెల్లమచ్చలొస్తాయి, కొందరిలో అవి క్యాన్సర్‌గా మారతాయి. ఆవిడ మానేద్దామనుకుంటే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ నంబరు 1800 112 356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.