సార్ అనాలా, సిన్యోరె అనాలా?

ఇటలీకి చదువుకి వచ్చిన మన పిల్లలు దిగిన నెలలోపే నన్ను అడిగే మాట ఇది. "అక్కా, ఇక్కడ పెద్దవాళ్లని సార్ అంటే ఏమైనా అనుకుంటారా?"

తప్పుగా ఏమీ అనుకోరు. కానీ వాళ్ల మాట వాళ్లకుంది, అది మనకి కొత్తదీ కాదు. లాటిన్‌లో 'సీనియర్' అంటే వయసులో పెద్ద. ఆ ఒక్క మాటే ఇటలీలో సిన్యోరె, స్పెయిన్‌లో సెన్యోర్, పోర్చుగల్‌లో సెన్యోర్ అయింది. ఫ్రెంచివాళ్ల నోట్లో అరిగి 'సైర్' అయి, ఇంగ్లీషులో 'సర్' అయి, చివరికి మన బళ్లోకి 'సార్'గా వచ్చింది. కాలేజీలో మనం భయపడ్డ సీనియరూ, పాఠం చెప్పిన సారూ ఒకే మాట! మేడమ్ దారి వేరు. అది 'నా ఇంటి యజమానురాలు' అనే అర్థమున్న లాటిన్ మాటల్లోంచి వచ్చింది.

ఇక వాడుక. మగవాళ్లకి సిన్యోరె, ఆడవాళ్లకి సిన్యోర. వెనక ఇంటిపేరు వస్తే 'రె' పోయి సిన్యోర్ రోస్సి అవుతుంది. పెళ్లికాని అమ్మాయి అని సిన్యోరినా అనకండి, ఇప్పుడది చాలామందికి నచ్చదు. ఫ్రాన్సులోనూ అంతే, 2012లో ప్రభుత్వ ఫారాల నుంచి మద్‌మొజెల్ తీసేశారు. పాఠం చెప్పేవాళ్లని ప్రొఫెసొరె, ప్రొఫెసొరెస్సా అనండి. దొత్తోరె అని వినబడితే వైద్యుడనే అనుకోకండి, ఇక్కడ డిగ్రీ ఉన్నవాళ్లందరికీ ఆ బిరుదు ఉంది.

సిన్యోర అని పిలిచి వెంటనే 'తు' అన్నారో, 'అమ్మగారూ, నువ్వు' అన్నట్టే. 'లేయి' అనాలి. పక్కింటి పెద్దావిడతో నేను మొదటి ఏడాదంతా తు అనే మాట్లాడాను. ఆవిడ ఒక్కసారీ తప్పుపట్టలేదు. తెలిశాక వెళ్లి క్షమాపణ అడిగితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

స్పెయిన్ వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడ సెన్యోర్ ఇంటిపేరుతో, డోన్ అసలు పేరుతో వస్తాయి. మన 'గారు' లాగా అన్నమాట, కాకపోతే పేరుకి ముందు.

అసలు జాగ్రత్త మన పేర్ల దగ్గరే. కృష్ణ, వెంకట, సూర్య... 'అ'తో ఆగే పేరు ఇక్కడివాళ్ల చెవికి ఎక్కువగా ఆడపేరు. మా ఆయనకి వచ్చిన మొదటి ఉత్తరం మీదే 'సిన్యోర' అని ఉంది. ఉత్తరమే కదా అని వదిలేశాం. తీరా చూస్తే ఒక ఆఫీసులో ఆయన్ని ఆడమనిషిగానే నమోదు చేశారు. ఆ టెన్షన్ తీరడానికి మూడు నెలలు పట్టింది.

అందుకే కోదిచే ఫిస్కాలే, అంటే ఇక్కడి పన్ను గుర్తింపు సంఖ్య, చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోండి. మొత్తం 16 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. 10, 11 స్థానాల్లోది మీరు పుట్టిన తేదీ. ఆడవాళ్లకి దానికి 40 కలుపుతారు. 12న పుట్టిన అబ్బాయికి 12 ఉండాలి. 52 ఉంటే కౌంటర్ వదిలి కదలకండి, పాస్‌పోర్టు చూపించి అప్పుడే దిద్దించుకోండి.